విత్తనపు గడ్డ

పాఠ్యభాగ ఉద్దేశం

ఆహారం అంగడిలో లభించే వస్తువుగా మాత్రమే నేటి యువతకు పరిచయమవుతున్నది. ఆ ఆహారానికి మూలమైన విత్తనం ఎక్కడినుండి వస్తుందో, దానిని కాపాడడానికి ఎంత శ్రమ, ఎంత శాస్త్రం అవసరమో తెలుసుకోవడం విద్యార్థులకు ఆవశ్యకం. ఆలుగడ్డను ఇంటివద్ద సంచులలో పెంచే విధానం ఆధారంగా విత్తనం విలువను వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

విత్తనం లేనిదే మొక్క లేదు. మొక్క లేనిదే విత్తనం లేదు. ఈ రెండింటిలో ఏది ముందన్న ప్రశ్నకు సమాధానం దొరకదు. దీనినే మన శాస్త్రకారులు బీజాంకుర న్యాయం అన్నారు. వరి, జొన్న, కంది మొదలైన పైర్ల విషయంలో ఈ న్యాయం సులభంగానే బోధపడుతుంది. గింజ వేరు, మొక్క వేరు. అయితే ఆలుగడ్డ విషయంలో ఈ భేదం చెరిగిపోతుంది. వంటకు ఉపయోగపడేది గడ్డ. నాటడానికి ఉపయోగపడేదీ ఆ గడ్డే. తింటే కూర, నాటితే పైరు. ఈ రెండింటి మధ్య మనిషి చేసుకొనే ఎంపికలోనే విత్తనం కథ అంతా ఇమిడి ఉన్నది.

తెలంగాణలో ఆలుగడ్డ అని, కోస్తా ప్రాంతంలో బంగాళాదుంప అని, రాయలసీమలో ఉర్లగడ్డ అని దీనికి పేర్లు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, చేమగడ్డ, కందగడ్డ అన్నట్లే నేలలో ఊరే ఈ దుంప కూడా తెలంగాణ ప్రజల నోట గడ్డ అయింది. నేలలో ఉన్నంత మాత్రాన ఇది వేరు కాదు. వృక్షశాస్త్రం దృష్టిలో ఇది ఆహారాన్ని నిలువ చేసుకొని లావెక్కిన కాండం. గడ్డమీద గుంటలుగా కనిపించే కన్నులే ఇందుకు సాక్ష్యం. అవి కాండంమీద ఉండే మొగ్గలు. ప్రతి కన్నులోనూ ఒక కొత్త మొక్క నిద్రిస్తూ ఉంటుంది.

గడ్డ దేశాంతర యాత్ర

ఆలుగడ్డ జన్మస్థానం దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతం. నేటి పెరూ, బొలీవియా దేశాల సరిహద్దున ఉన్న టిటికాకా సరస్సు పరిసరాలలో వేల సంవత్సరాల క్రితమే అక్కడి ప్రజలు దీనిని సాగులోకి తెచ్చారు. 16వ శతాబ్దంలో స్పెయిన్ దేశస్థుల ద్వారా ఐరోపా చేరి, తరువాత సముద్ర మార్గాన భారతదేశానికి వచ్చింది. నేడు ఆలుగడ్డల ఉత్పత్తిలో ప్రపంచంలో చైనా మొదటి స్థానంలోను, భారతదేశం రెండవ స్థానంలోను ఉన్నాయి.

ఆండీస్ పర్వత వాసులు ఒకే పొలంలో అనేక రకాల గడ్డలను కలిపి పండించేవారు. ఒక రకానికి తెగులు సోకినా మరొక రకం నిలిచేది. ఐరోపాకు గడ్డ చేరింది గాని ఆ వివేకం చేరలేదు. ఐర్లాండు దేశంలో పేద రైతులు దిగుబడి ఎక్కువన్న కారణంతో లంపర్ అనే ఒకే రకంమీద ప్రధానంగా ఆధారపడ్డారు. 1845వ సంవత్సరంలో ఆకుమాడు తెగులు ఆ దేశంమీద విరుచుకుపడింది. పొలంలోని మొక్కలన్నీ ఒకే తల్లి బిడ్డలు కావడంతో ఒక దానిని చంపిన తెగులు అన్నిటినీ చంపగలిగింది. నేలలోని గడ్డలు కుళ్లిపోయాయి. తినడానికి గడ్డ లేదు. మరుసటి ఏడు నాటడానికీ గడ్డ లేదు. ఆకలికి తాళలేక విత్తనపు గడ్డలను సైతం తిన్న కుటుంబాలకు వచ్చే పంట మీది ఆశ కూడా నశించింది. సుమారు 10 లక్షల మంది మరణించారు. అంతకు తగ్గని సంఖ్యలో జనం దేశం విడిచి వలసపోయారు. 1841లో 80 లక్షలకు పైగా ఉన్న ఐర్లాండు జనాభా 1851 నాటికి 65 లక్షలకు పడిపోయింది. తెగులుతోపాటు నాటి పాలకుల ఉపేక్ష, భూస్వామ్య వ్యవస్థ కూడా ఈ విపత్తుకు కారణాలని చరిత్రకారులు చెబుతారు. ఒకే రకం విత్తనంమీద ఒక జాతి జీవితం ఆధారపడడం ఎంత ప్రమాదకరమో ఈ ఘట్టం ప్రపంచానికి చాటి చెప్పింది.

విత్తనానికి సోకే జబ్బు

గడ్డను నాటితే తల్లి గుణాలన్నీ పిల్లకు వస్తాయి. ఇది లాభమే. అయితే తల్లికి ఉన్న జబ్బు కూడా పిల్లకు వస్తుంది. గింజల ద్వారా వ్యాపించని అనేక వైరస్ తెగుళ్లు గడ్డ ద్వారా తరతరాలకూ సంక్రమిస్తాయి. పేనుబంక అనే చిన్న పురుగు రోగగ్రస్తమైన మొక్క రసం పీల్చి, ఆరోగ్యవంతమైన మొక్కమీద వాలి ఆ వైరస్‌ను అంటిస్తుంది. ఆకులు ముడుచుకొనిపోతాయి, లేదా పసుపు, ఆకుపచ్చ మచ్చలతో గిడసబారుతాయి. పైకి బాగానే కనిపించే గడ్డలో కూడా వైరస్ దాగి ఉండవచ్చు. అందుకే సొంత గడ్డలనే మళ్లీ మళ్లీ నాటితే ఏటేటా దిగుబడి క్షీణిస్తుంది.

ఈ సమస్యను ఎదుర్కొనడానికి భారతీయ శాస్త్రవేత్తలు చేసిన కృషి ప్రశంసనీయం. కేంద్రీయ బంగాళాదుంప పరిశోధన సంస్థ 1949లో పాట్నాలో ఏర్పడి, 1956లో సిమ్లాకు తరలింది. సిమ్లా సమీపంలోని కుఫ్రి అనే కొండ ప్రాంతంలో వేసవి పగళ్లు దీర్ఘంగా ఉండడంవల్ల ఆలుగడ్డ మొక్కలు చక్కగా పూస్తాయి. పూలను సంకరపరచి కొత్త రకాలను సృష్టించడానికి ఆ ప్రదేశం అనుకూలమైనది. అందుకే మన దేశపు రకాల పేర్లకు ముందు కుఫ్రి అన్న మాట చేరింది. కుఫ్రి జ్యోతి, కుఫ్రి చంద్రముఖి 1968లో విడుదలైన ప్రసిద్ధ రకాలు.

ఒకప్పుడు ఆరోగ్యవంతమైన విత్తనపు గడ్డలకు కొండప్రాంతాలే ఆధారం. ఉత్తర భారత మైదానాలలో పేనుబంక ఉధృతి అత్యల్పంగా ఉండే కాలాన్ని గుర్తించి, ఆ వ్యవధిలోనే విత్తనపు పంటను పండించి, పురుగు పెరగడానికి ముందే మొక్కల పైభాగాన్ని కోసివేసే పద్ధతిని శాస్త్రవేత్తలు రూపొందించారు. ఆకు లేకపోతే పురుగుకు ఆశ్రయం లేదు. గడ్డకు వైరస్ చేరదు. కాలాన్ని సరిగా గమనించడమే ఈ పద్ధతిలోని రహస్యం.

విత్తనపు గడ్డ ఖరీదైనది కావడానికి మరొక కారణం ఉంది. ఎకరం వరి నాటడానికి 20 నుండి 25 కిలోల విత్తనాలు చాలు. ఎకరం ఆలుగడ్డకు సుమారు 10 క్వింటాళ్ల గడ్డలు కావాలి. అనగా విత్తనంగా నేలలో పెడుతున్నది ఎన్నో కుటుంబాలు తినగలిగిన ఆహారం.

ఉత్తర తెలంగాణ వాతావరణం

తెలంగాణలో ఆలుగడ్డ సాగుకు జహీరాబాద్ ప్రాంతం పేరుపొందినది. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలు ఇందుకు ప్రసిద్ధమైనవి కావు. 2016లో ఈ రెండు ఉమ్మడి జిల్లాలు విభజింపబడి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల్, కుమ్రం భీం ఆసిఫాబాద్ మొదలైన జిల్లాలు ఏర్పడ్డాయి. వరి, పత్తి, మక్కజొన్న, పసుపు ఇక్కడి ముఖ్యమైన పంటలు. హుజూరాబాద్, జమ్మికుంట పరిసర గ్రామాలు హైబ్రిడ్ వరి విత్తనోత్పత్తికి పేరుగాంచాయి. జగిత్యాల సమీపంలోని పొలాస వ్యవసాయ పరిశోధన స్థానం జగిత్యాల సన్నాలు వంటి వరి రకాలను అందించింది. విత్తనం విలువ ఎరిగిన నేల ఇది.

ఆలుగడ్డకు చలి ప్రాణాధారం. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్‌కు లోపల ఉన్నప్పుడే గడ్డ చక్కగా ఊరుతుంది. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటితే మొక్క పెరిగినా గడ్డ ఊరదు. పుష్య, మాఘ మాసాలలో ఆదిలాబాద్, సిర్పూర్ (యు) ప్రాంతాలలో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకంటె తగ్గడం పరిపాటి. కరీంనగర్‌లోను ఆ రోజులలో చలి బాగానే ఉంటుంది. అదే ప్రాంతంలో, రామగుండం పరిసరాలలో, వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరుతుంది. కాబట్టి ఇక్కడ ఆలుగడ్డకు ప్రకృతి ఇచ్చిన గడువు యాసంగిలోని మూడు నెలలు మాత్రమే. అక్టోబరు చివర లేదా నవంబరు మొదటి పక్షంలో నాటి, ఫిబ్రవరి చివరికి తవ్వుకోవాలి.

సంచిలో సాగు

పొలం లేనివారు పెరట్లోనో, డాబామీదనో సంచులలో ఆలుగడ్డను పెంచవచ్చు. ఇందుకు ముందుగా కావలసినది మంచి విత్తనపు గడ్డ. కోడిగుడ్డు పరిమాణంలో, 30 నుండి 50 గ్రాముల బరువుండి, మచ్చలు, కుళ్లు లేని గడ్డను ఎన్నుకోవాలి. కూరగాయల అంగడిలోని గడ్డ మొలకెత్తవచ్చు గాని దాని ఆరోగ్య చరిత్ర ఎవరికీ తెలియదు. ధ్రువీకరించిన విత్తనపు గడ్డ దొరికితే అదే శ్రేష్ఠం.

కొత్తగా తవ్విన గడ్డ వెంటనే మొలకెత్తదు. రెండు మూడు నెలలపాటు నిద్రావస్థలో ఉంటుంది. శీతల గిడ్డంగినుండి తెచ్చిన గడ్డలను నాటడానికి ముందు పది పదిహేను రోజులు నీడలో, పలుచని వెలుతురు తగిలేచోట పరచాలి. చీకటిలో ఉంచితే మొలకలు తెల్లగా, పొడుగ్గా సాగి విరిగిపోతాయి. వెలుతురులో పొట్టిగా, బలంగా వస్తాయి. పెద్ద గడ్డలను రెండు మూడు కన్నులు ఉండేట్లు శుభ్రమైన కత్తితో కోసి, కోత ఆరిన తరువాత నాటవచ్చు. తడి నేలలో కోసిన గడ్డ త్వరగా కుళ్లుతుంది కనుక చిన్న గడ్డను కోయకుండా నాటడమే మేలు.

25 కిలోల బియ్యం పట్టే సంచి ఇందుకు సరిపోతుంది. గోనెసంచిలో గాలి చక్కగా ఆడుతుంది గాని పంటకాలం ముగిసేసరికి అది చివికిపోతుంది. ప్లాస్టిక్ సంచి అయితే అడుగున, పక్కల రంధ్రాలు చేయాలి. ఆదిలాబాద్ నల్లరేగడి పత్తికి మేలైనదే కాని సంచిలో అది తడిస్తే బంకగా మారుతుంది, ఆరితే రాయిలా బిగుస్తుంది. కాబట్టి రెండు పాళ్లు ఎర్రమట్టికి ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక లేదా కొబ్బరిపీచు పొట్టు కలపాలి. పచ్చి పేడ వాడరాదు.

సంచి అంచును బయటికి మడిచి, అడుగున జానెడు ఎత్తు మట్టి నింపాలి. దానిమీద రెండు గడ్డలను, మొలకలు పైకి ఉండేట్లు, ఎడంగా ఉంచి నాలుగు వేళ్ల మందాన మట్టి కప్పాలి. రెండు మూడు వారాలలో మొలకలు పైకి వస్తాయి. మొక్క జానెడు ఎత్తు పెరిగిన తరువాత, కొన ఆకులు మాత్రం పైకి కనిపించేట్లు, చుట్టూ మట్టి పోసి సంచి మడతను పైకి విప్పాలి. మరి రెండు వారాలకు ఇంకొకసారి మట్టి ఎగదోయాలి. కొత్త గడ్డలు నాటిన గడ్డకు పైభాగాన, కాండంనుండి పక్కలకు సాగే తీగలవంటి భాగాల చివర ఊరుతాయి. వాటికి చీకటి కావాలి. ఎండ తగిలిన గడ్డ పచ్చబడుతుంది. అందులో సొలనిన్ అనే విష పదార్థం పెరుగుతుంది. పచ్చబడిన గడ్డను వండుకోరాదు. మట్టి ఎంత ఎత్తుకు పోస్తే అన్ని అంతస్తులుగా గడ్డలు కాస్తాయన్న నమ్మకం సరికాదు. అడుగున్నర లోతు చాలు.

నీరు ఎల్లప్పుడూ మితంగా ఉండాలి. ఒకనాడు ఎండగట్టి మరునాడు ముంచెత్తితే గడ్డలు పగులుతాయి. సంచిలోకి వేలు దించి తడి చూసి నీరు పెట్టడం మంచి పద్ధతి. ఆకుల అడుగున పేనుబంక కనిపిస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి పిచికారి చేయాలి. ఆకులు ముడుచుకొని గిడసబారిన మొక్కను జాలిపడక పీకివేయాలి. ఒక మొక్కమీద చూపిన దయ మిగిలిన సంచులన్నిటికీ ముప్పు అవుతుంది. మబ్బు పట్టి, మంచు కురిసే రోజులలో ఆకుమాడు తెగులు భయం ఉంటుంది. మైలతుత్తం, సున్నం కలిపి తయారుచేసే బోర్డో మిశ్రమం దీనికి పూర్వంనుండి వాడుకలో ఉన్న మందు.

సుమారు 90 రోజులకు ఆకులు పసుపుబారుతాయి. అప్పుడు నీరు ఆపి, పది రోజుల తరువాత మొక్కలను మొదలంటా కోసివేయాలి. మరి పదిరోజులు గడ్డలను మట్టిలోనే ఉంచితే తోలు గట్టిపడుతుంది. ఆ తరువాత సంచిని నేలమీద బోర్లిస్తే చాలు, పంట చేతికి వస్తుంది. జాగ్రత్తగా పెంచితే ఒక సంచినుండి కిలో, కిలోన్నర గడ్డలు ఆశించవచ్చు.

సంచి చెప్పే సత్యం

ఈ గడ్డలలో కొన్నిటిని దాచి వచ్చే ఏడు నాటుకోవచ్చునా అన్న సందేహం సహజం. ఇక్కడే ప్రకృతి తన హద్దును చూపిస్తుంది. ఫిబ్రవరిలో తవ్విన గడ్డ అక్టోబరు చివరిదాకా, ఎనిమిది నెలలు నిలువ ఉండాలి. దాని నిద్ర ఏప్రిల్, మే నెలలకే ముగుస్తుంది. కరీంనగర్ ఎండలలో అది మొలకెత్తి, ముడతలుపడి, వట్టిపోతుంది. విత్తనపు గడ్డను 2 నుండి 4 డిగ్రీల శీతల గిడ్డంగిలో మాత్రమే అన్ని నెలలు కాపాడగలం. దానికి తోడు కంటికి కనబడని వైరస్ భయం ఉండనే ఉన్నది. కాబట్టి ఇంటి సంచి కూరకు స్వావలంబనను ఇస్తుంది కాని విత్తనానికి ఇవ్వదు. ఈ భేదాన్ని గ్రహించడం కూడా విద్యలో భాగమే.

దీనికి భిన్నంగా పసుపు ఈ నేల స్వభావానికి ఒదిగిన గడ్డ. జగిత్యాల, మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతాల రైతులు పసుపు తవ్విన తరువాత మేలైన మండలను, కొమ్ములను ఏరి, నీడలో కుప్పపోసి, ఆకులతో కప్పి, తొలకరిదాకా కాపాడుకొంటారు. అవి వానాకాలంలో మళ్లీ పైరవుతాయి. ఇక్కడ బీజాంకుర న్యాయం రైతు ఇంటిలోనే పూర్తవుతుంది. ఏ విత్తనం ఇంట నిలుస్తుందో, దేనికోసం పరులమీద ఆధారపడాలో రైతుకు తెలుసు. ఆదిలాబాద్ గోండు గూడేలలో విత్తనాలు వేయడానికి ముందు వాటిని దేవతల సన్నిధిలో ఉంచి పూజించే ఆచారం ఉంది. విత్తనం సరుకు కాదు, రేపటి బతుకు అన్న ఎరుక ఆ ఆచారంలో కనిపిస్తుంది.

ఆ ఎరుకకు ప్రపంచ చరిత్రలో ఒక మహోజ్జ్వల నిదర్శనం ఉంది. సోవియట్ శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ దేశదేశాలు తిరిగి సేకరించిన విత్తనాల భాండాగారం లెనిన్‌గ్రాడ్ నగరంలో ఉండేది. 1941 సెప్టెంబరులో జర్మన్ సేనలు ఆ నగరాన్ని ముట్టడించాయి. 1944 జనవరిదాకా సాగిన ఆ ముట్టడిలో లక్షలాది ప్రజలు ఆకలితో మరణించారు. భాండాగారంలో వడ్లు, గోధుమలు, వేరుశనగలు, ఆలుగడ్డలు ఉన్నాయి. అక్కడి శాస్త్రవేత్తలు వాటిని ముట్టలేదు. గడ్డకట్టే చలిలో ఆలుగడ్డలు పాడవకుండా దొరికిన కట్టెలను కాల్చి వెచ్చదనం ఇచ్చారు. వరి విత్తనాలకు కాపలా ఉన్న శాస్త్రవేత్త బియ్యపు సంచుల నడుమ ఆకలితో ప్రాణం విడిచాడు. ఆ భాండాగారాన్ని నిర్మించిన వావిలోవ్ సైతం 1943లో తన దేశపు కారాగారంలోనే కన్నుమూశాడు. మనుషులు పోయారు, విత్తనాలు మిగిలాయి. యుద్ధానంతరం ఆ విత్తనాలే కొత్త వంగడాలకు మూలమయ్యాయి.

ఐర్లాండు రైతు ఆకలికి తాళలేక విత్తనాన్ని తిన్నాడు. అతనిని నిందించడం న్యాయం కాదు. లెనిన్‌గ్రాడ్ శాస్త్రవేత్త ప్రాణం పోతున్నా విత్తనాన్ని తినలేదు. అంతటి త్యాగం అందరికీ సాధ్యమూ కాదు. అటువంటి ఎంపిక ఏ మనిషికీ ఎదురుకాకుండా చూడడమే సమాజం బాధ్యత. విత్తనాలలో వైవిధ్యాన్ని కాపాడడం, ఆరోగ్యవంతమైన విత్తనాన్ని రైతుకు సకాలంలో అందించడం ఆ బాధ్యతలోని భాగాలు. డాబామీది చిన్న సంచిలో ఒక గడ్డను నాటి, మొలక కోసం మూడు వారాలు ఎదురుచూసిన విద్యార్థికి ఈ మాట పుస్తకంకంటె బాగా బోధపడుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

అంకురం : మొలక
ఉపేక్ష : పట్టించుకోకపోవడం
ఉధృతి : తీవ్రత
గిడసబారు : ఎదుగుదల లేక పొట్టిగా మిగిలిపోవు
పరిపాటి : మామూలు, అలవాటు
భాండాగారం : నిలువచేసే చోటు, కొట్టు
యాసంగి : చలికాలపు పంట, రబీ
వంగడం : విత్తన రకం
సంక్రమించు : ఒకరినుండి మరొకరికి అంటుకొను
స్వావలంబన : తనమీద తాను ఆధారపడడం

అభ్యాసం

అ) ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ఇంటివద్ద సంచులలో ఆలుగడ్డను పెంచే విధానాన్ని వివరించండి.
2. విత్తనాన్ని కాపాడడం సమాజం బాధ్యత అన్న అభిప్రాయాన్ని ఐర్లాండు, లెనిన్‌గ్రాడ్ ఘట్టాల ఆధారంగా సమర్థించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. సొంత గడ్డలనే మళ్లీ మళ్లీ నాటితే దిగుబడి ఎందుకు తగ్గుతుంది?
2. ఉత్తర తెలంగాణలో ఆలుగడ్డ పంటకాలం మూడు నెలలకే ఎందుకు పరిమితం?
3. విత్తనం నిలువ విషయంలో ఆలుగడ్డకు, పసుపుకు గల భేదం ఏమిటి?

ఇ) ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ఆలుగడ్డ జన్మస్థానం ఏది?
2. పచ్చబడిన గడ్డలో పెరిగే విష పదార్థం పేరేమిటి?
3. విత్తనపు గడ్డలను ఏ ఉష్ణోగ్రతలో నిలువ చేస్తారు?

ఈ) ఈ క్రింది వాక్యాలకు సందర్భ సహిత వ్యాఖ్యలు రాయండి.
1. తింటే కూర, నాటితే పైరు.
2. మనుషులు పోయారు, విత్తనాలు మిగిలాయి.

ఉ) ఈ క్రింది సంధులను గమనించండి.
బీజాంకురం : బీజ + అంకురం – సవర్ణదీర్ఘ సంధి
ప్రాణాధారం : ప్రాణ + ఆధారం – సవర్ణదీర్ఘ సంధి
మహోజ్జ్వలం : మహా + ఉజ్జ్వలం – గుణ సంధి
అత్యల్పం : అతి + అల్పం – యణాదేశ సంధి

ఊ) భాషాకార్యం
మీ ప్రాంతంలో గడ్డ, దుంప అనే మాటలు చివర చేరిన పదాలను సేకరించి, ఒక్కొక్క దానిని సొంత వాక్యంలో ప్రయోగించండి.